మీ క్లబ్ శాలరీ క్యాప్ దాటిందని తేలిందా? ముందు తీర్పు చదవండి

ఆటగాళ్ల జీతాల మొత్తం మీద రగ్బీ లీగ్ పెట్టిన పరిమితిని, అంటే శాలరీ క్యాప్‌ను, మీ క్లబ్ దాటిందని తీర్పు వెలువడిన రాత్రి ఎవరితోనూ వాదించకండి. ఇంగ్లండ్‌లో మధ్యాహ్నం ప్రకటించిన సంగతి విశాఖపట్నంలో మనకు రాత్రి భోజనాల వేళకు చేరుతుంది. ఫోను మోగుతూనే ఉంటుంది. ప్రత్యర్థి క్లబ్‌ను అభిమానించే చుట్టమో స్నేహితుడో ఒకరు ఉండనే ఉంటారు, మొదటి సందేశం వారిదే. "రేపు మాట్లాడుకుందాం" అని ఒక్క ముక్క రాసి ఫోను పక్కన పెట్టండి. ఆ రాత్రి మన దగ్గర ఉండేవి ఒక శీర్షిక, ఒక జరిమానా అంకె మాత్రమే. 2019 నవంబరు 5న లండన్ రగ్బీ క్లబ్ సారసెన్స్‌పై ఇలాంటి తీర్పు వచ్చినప్పుడు, సవాలు చేస్తామని క్లబ్ మొదట గట్టిగా చెప్పింది. రెండు వారాలు తిరగకముందే ఆ ఆలోచన మానుకుని శిక్షను అంగీకరించింది. మొదటి రాత్రి క్లబ్ మాట పట్టుకుని ఊరంతా వాదించిన అభిమానికి అప్పుడు నిలబడడానికి చోటు లేకుండా పోయింది.

నేను గాజువాక ఆటోనగర్‌లోని ఒక సంస్థలో జీతాల విభాగం చూస్తాను. చదువు కోసం ఉత్తర లండన్‌లోని హెండన్‌లో ఉన్న రోజుల్లో దగ్గరలోని మైదానానికి వెళ్లి సారసెన్స్ ఆటలు చూసేదాన్ని. ఆ నలుపు ఎరుపు చొక్కా మీద ఇష్టం విశాఖ తిరిగి వచ్చాక కూడా తగ్గలేదు. మా బావగారు, అంటే మా అక్క భర్త, సరుకు ఓడల్లో ఇంజనీరుగా పనిచేశారు. ఆయన ఓడ మరమ్మతు కోసం కార్న్‌వాల్‌లోని ఫాల్మత్ రేవులో నిలిచిపోయినప్పుడు అక్కడి పనివాళ్లతో కలిసి, సారసెన్స్ ఉన్న లీగ్‌లోనే ఆడే ఎక్సెటర్ చీఫ్స్ ఆటలు చూడడం అలవాటు చేసుకున్నారు. అంటే తప్పు చేసిన క్లబ్ అభిమాని, ఆ తప్పు వల్ల నష్టపోయిన క్లబ్ అభిమాని ఎం.వి.పి. కాలనీలో ఒకే ఇంట్లో, ఒకే టీవీ ముందు కూర్చుంటారు. కింద రాసినదంతా అలా కూర్చుని నేర్చుకున్నదే.

పరిమితి ఎందుకు పెట్టారో చెప్పగలగాలి

రగ్బీ తెలియని వాళ్లు కూడా ఈ వార్త చూసి అడుగుతారు. "డబ్బున్నవాడు ఆటగాళ్లకు ఎక్కువ జీతం ఇస్తే తప్పేమిటి?" అని మా ఆఫీసులోనే ఎంతోమంది అడిగారు. దీనికి జవాబు ముందే సిద్ధంగా ఉంచుకోండి. మన వాళ్లకు ఐపీఎల్ వేలం నుంచి మొదలుపెడితే తొందరగా అర్థమవుతుంది. 2025 సీజన్‌కు ఒక్కో ఐపీఎల్ జట్టుకు ఆటగాళ్లను నిలుపుకోవడానికీ, వేలంలో కొనడానికీ కలిపి 120 కోట్ల రూపాయల హద్దు పెట్టారు. తెలుగు టైటాన్స్ ఆడే ప్రో కబడ్డీ వేలంలోనూ ప్రతి జట్టుకూ ఒక హద్దు ఉంది. ఆ హద్దు లేకపోతే అత్యంత ధనవంతుడైన యజమాని మంచివాళ్లందరినీ ఒకే గూటికి చేరుస్తాడు, మిగతా జట్లు ఓడిపోవడానికే బరిలోకి దిగుతాయి.

ఇంగ్లండ్ రగ్బీలో అన్నిటికంటే పై లీగ్ అయిన ప్రీమియర్‌షిప్‌లో ఈ పరిమితి 1999లో వచ్చింది. సారసెన్స్ వ్యవహారం నాటికి అది సీజన్‌కు 70 లక్షల పౌండ్లు, అప్పటి మారకంలో 60 కోట్ల రూపాయలకు పైనే. అప్పట్లో ఇద్దరు ఆటగాళ్ల జీతం ఈ లెక్కలోకి వచ్చేది కాదు. సొంత అకాడమీలో తయారైన కుర్రాళ్లకు కొంత అదనపు వెసులుబాటు ఉండేది. జట్ల మధ్య సమానత్వం ఒక ఉద్దేశం, క్లబ్బులు అప్పుల్లో మునగకుండా చూడడం రెండోది. రెండోదాన్ని తేలికగా తీసుకోకండి. పరిమితి ఉండగానే 2022లో వూస్టర్, వాస్ప్స్, 2023లో లండన్ ఐరిష్ ఆర్థికంగా కుప్పకూలి లీగ్ నుంచి మాయమయ్యాయి. ఆ క్లబ్బుల అభిమానులకు అప్పుడు తిట్టుకోవడానికైనా జట్టు లేకుండా పోయింది.

మన వేలానికీ, అక్కడి పద్ధతికీ ఒక పెద్ద తేడా ఉంది. వేలంలో ధర అందరి ముందూ పలుకుతుంది, మర్నాడు పేపర్లో వస్తుంది. ఇంగ్లిష్ రగ్బీలో వేలం లేదు. క్లబ్, ఆటగాడు, అతని ఏజెంటు తలుపు వేసుకుని ఒప్పందం కుదుర్చుకుంటారు. లోపల ఏం జరిగిందో క్లబ్ తనంతట తాను లీగ్‌కు తెలియజేయాలి. వ్యవస్థ మొత్తం ఆ నిజాయితీ మీదే నడుస్తుంది. అందుకే ఎంత ఎక్కువ ఖర్చయింది అన్నదాని కంటే ఏది చెప్పకుండా దాచారు అన్నది నా దృష్టిలో పెద్ద నేరం.

తీర్పులో ఏం వెతకాలి

తీర్పు పాఠం బయటికి వచ్చినప్పుడు పూర్తిగా చదవండి. సారసెన్స్ తీర్పు వంద పేజీలు దాటింది, అది 2020 జనవరిలో బయటికి వచ్చింది. అంత చదివే ఓపిక లేకపోతే కనీసం నాలుగు సంగతులు పట్టుకోండి: ఏ ఏ సీజన్లు, ఏ సీజన్‌లో ఎంత, ఏ రూపంలో ఇచ్చారు, క్లబ్ ముందుగా చెప్పిందా లేదా.

సారసెన్స్ విషయంలో సీజన్లు మూడు. 2016-17లో సుమారు 11 లక్షల పౌండ్లు, 2017-18లో 98 వేలు, 2018-19లో సుమారు 9 లక్షలు పరిమితికి మించాయి. మధ్య సంవత్సరం దాదాపు గీత మీదే నడిచింది, మొదటి, మూడో సంవత్సరాలు గీతను తుడిచేశాయి. శిక్షగా 35 పాయింట్ల కోత, 53 లక్షల 60 వేల పౌండ్ల జరిమానా పడ్డాయి. మాజీ న్యాయమూర్తి లార్డ్ డైసన్ అధ్యక్షతన కూర్చున్న స్వతంత్ర ప్యానెల్ ఈ తీర్పు ఇచ్చింది. ప్రీమియర్‌షిప్‌లో గెలుపుకు 4 పాయింట్లు కాబట్టి 35 అంటే దాదాపు తొమ్మిది విజయాలు.

ఇక ఏ రూపంలో అన్నది. ఇక్కడ నా వృత్తి నాకు బాగా ఉపయోగపడింది, మీకూ పనికొస్తుంది. క్లబ్ అధిపతి నైజెల్ రే కొందరు ఆటగాళ్లతో కలిసి ఆస్తుల్లోనూ కంపెనీల్లోనూ డబ్బు పెట్టారు. 2019 మార్చిలో డైలీ మెయిల్ పత్రిక ఈ సంగతి బయటపెట్టింది. అవి పెట్టుబడులే తప్ప జీతం కాదని క్లబ్ వాదించింది. అసలు పరిమితి విధించడమే పోటీ చట్టాలకు విరుద్ధమని కూడా వాదించింది. ప్యానెల్ రెండింటినీ ఒప్పుకోలేదు.

మన దగ్గర ఉద్యోగికి సంస్థ ఇల్లు ఇచ్చినా, వడ్డీ లేకుండా పెద్ద మొత్తం అప్పు ఇచ్చినా ఆదాయపు పన్ను లెక్కలో దాని విలువను జీతానికి కలుపుతాం, దానికోసం ఉన్న ఫారంలో చూపిస్తాం. "అది జీతం కాదు, అభిమానంతో ఇచ్చాను" అని యజమాని అంటే ఫారం మారదు. అడగవలసిన ప్రశ్న ఒకటే: ఈ ఆటగాడు ఈ క్లబ్‌కు ఆడకపోయి ఉంటే ఈ డబ్బు, ఈ వాటా, ఈ ఇల్లు అతనికి దక్కేవా? దక్కవు అనుకుంటే అది జీతమే. ఇమేజ్ హక్కుల పేరుతో, అంటే ఆటగాడి పేరూ ఫొటో వాడుకునే హక్కుల పేరుతో, ప్రకటనల పేరుతో, మూడో వ్యక్తి ఖాతా నుంచి వచ్చినా ఇదే ప్రశ్న. లెస్టర్ టైగర్స్‌కు 2022లో పడిన 3 లక్షల 9 వేల పౌండ్ల జరిమానా కూడా ఆటగాళ్ల ఇమేజ్ హక్కుల కంపెనీలకు మరో సంస్థ నుంచి వెళ్లిన చెల్లింపుల గురించే. 2016-17 నుంచి 2019-20 వరకు నాలుగు సీజన్ల లెక్క అది.

ఉద్దేశం గురించి ప్యానెల్ ఏ మాట వాడిందో కూడా చూడండి. సారసెన్స్‌ను బాధ్యత లేని నిర్లక్ష్యానికి తప్పుపట్టారు. దీన్ని "చూశారా, కావాలని చేయలేదు" అని ఎగరేసుకు తిరగకండి. సంవత్సరానికి ఇన్ని కోట్లు చేతులు మారే చోట అడిగి తెలుసుకోవలసింది అడగకపోవడం చిన్న తప్పు కాదు. జీతాల విభాగంలో నేను అలా చేస్తే నా ఉద్యోగం పోతుంది, పోవాలి కూడా.

ఎవరి నోటి దగ్గరి కూడు పోయిందో చూడండి

అభిమానులందరూ శిక్ష ఎక్కువా తక్కువా అన్న చర్చలో పడిపోతారు. నేను ఆ చర్చను ఆఖరికి వాయిదా వేయమంటాను. ముందు ఒక కాగితం తీసుకుని, తీర్పులో ఉన్న సీజన్లలో మన క్లబ్ చేతిలో పెద్ద ఆటల్లో ఓడినవాళ్ల పేర్లు రాయండి. నాకు తెలిసి ఈ ఒక్క పనే మనిషి గొంతును మారుస్తుంది.

ఎక్సెటర్ సారసెన్స్ చేతిలో 2016, 2018, 2019 ఫైనల్స్ ఓడింది. తీర్పు వచ్చిన వారం బావగారు మా ఇంటికి వచ్చి, కాఫీ కూడా ముట్టకుండా మొదలుపెట్టారు.

"మూడు ఫైనల్స్ మరదలా, మూడు."

"రెండే బావగారూ. 2016 ఫైనల్ జరిగిన సీజన్ తీర్పులో లేదు."

"సరే, రెండే అనుకో. ఆ రెండూ నాకు ఎవరు తెచ్చిస్తారు?"

"ఎవరూ తేలేరు" అన్నాను.

ఇలాంటి చోట "ఎవరూ తేలేరు" దగ్గర ఆగిపోండి. దాని వెనక "కానీ" తగిలించకండి. 2019 ఫైనల్‌లో రెండో అర్ధభాగంలో ఆధిక్యంలో ఉండి కూడా ఎక్సెటర్ 37-34 తేడాతో ఓడింది. మూడు పాయింట్లు. ఆ సీజన్‌లోనే మా క్లబ్ 9 లక్షల పౌండ్లు గీత దాటింది. ఆ డబ్బుతో నిలుపుకున్న ఆటగాళ్లలో ఒకరు లేకపోయినా ఆ రోజు ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు, చెప్పలేకపోవడమే బావగారికి జరిగిన అన్యాయం. ఓడినా న్యాయంగా ఓడామన్న తృప్తిని కూడా ఆయన దగ్గర నుంచి మేము లాక్కున్నాం.

తెలివైన సారసెన్స్ అభిమాని ఇక్కడ ఒక మంచి పాయింటు తీస్తాడు. గీతను మూడు సీజన్లలో అన్నిటికంటే ఎక్కువగా దాటిన 2016-17లో సారసెన్స్ ప్రీమియర్‌షిప్ గెలవలేదు. సెమీఫైనల్‌లో ఎక్సెటరే 18-16తో ఓడించి, ఫైనల్‌లో వాస్ప్స్‌ను కూడా గెలిచి టైటిల్ పట్టుకెళ్లింది. "చూడండి, డబ్బుతో టైటిల్ రాలేదు కదా" అని వాదించవచ్చు. విషయం నిజమే. అయినా ఈ వాదన వాడకండి. ఆ ఏడాది యూరప్ ఛాంపియన్స్ కప్ సారసెన్సే గెలిచింది, అది ఒక కారణం. రెండోది అంతకంటే ముఖ్యం: పరిమితి కాపాడేది ఒక్క కప్పును కాదు. మా క్లబ్ ఆటగాణ్ణి అదనపు డబ్బుతో నిలుపుకున్నప్పుడు, అతన్ని పిలుద్దామనుకున్న చిన్న క్లబ్ అతను లేకుండానే ఆడింది. పట్టికలో ఏడో స్థానంలోనో పదకొండో స్థానంలోనో ఆగిన ఆ క్లబ్ పేరు ఏ తీర్పులోనూ కనిపించదు.

వదిలేయవలసిన వాదనలు

"అందరూ చేస్తారు." లెస్టర్ సంగతి బయటపడ్డాక ఈ మాట మా వాళ్లలో జోరందుకుంది. మరొకరి పేరు చూపించినంత మాత్రాన మన పద్దు సరికాదు. నిజంగా అందరూ చేస్తున్నారని మీ నమ్మకమైతే అందరి పుస్తకాలూ తెరవమని అడగండి, మనవి ముందు తెరిచి.

"మేం పెంచుకున్న పిల్లలనే కదా నిలుపుకున్నాం." దీనిలో సగం నిజం ఉంది కాబట్టే ఇది ప్రమాదకరం. ఓవెన్ ఫారెల్, మారో ఇటోజే, జేమీ జార్జ్, జార్జ్ క్రూయిస్ వంటివాళ్లు ఆ క్లబ్ నీడలోనే ఎదిగారు. పెంచిన క్లబ్‌కు వాళ్లను ఉంచుకునే దారి మరికొంత సులువుగా ఉండాలని నేనూ కోరుకుంటాను. అలా కోరుకునేవాళ్లు లీగ్ సమావేశంలో నిబంధన మార్చమని అడగాలి. నిబంధన మారేదాకా పాటించాలి. ఇది మాత్రం మనసులో ఎంతో బరువుగా అనిపించే వాదన, ప్రత్యర్థి అభిమాని దీన్ని కొట్టిపారేసినా మీరు కోపం తెచ్చుకోకండి.

"జరిమానా నేరం కంటే పెద్దది." మూడేళ్లలో మించినది మొత్తం 21 లక్షల పౌండ్లు, కట్టినది దానికి రెండున్నర రెట్లు. దాటినంతే తిరిగి కట్టించుకుంటే దొరికితే కడదాం, దొరక్కపోతే లాభం అనుకునేవాళ్లకు భయం ఉండదు. దీని గురించి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

ఆటగాళ్లను ఏం చేయాలి

తీర్పుకు మూడు రోజుల ముందు, 2019 నవంబరు 2న, యోకొహామాలో ప్రపంచ కప్ ఫైనల్ జరిగింది. దక్షిణాఫ్రికా 32-12తో ఇంగ్లండ్‌ను ఓడించింది. ఆ ఇంగ్లండ్ జట్టుకు కెప్టెన్ మా ఫారెల్, ముందు వరుసల నిండా మా వాళ్లే. ఆ ఓటమితో నలిగి ఉన్న మనుషుల మీద మూడో రోజున ఇది పడింది.

ఆటగాడు తన ఒప్పందం మీద సంతకం చేస్తాడు. క్లబ్ మొత్తం లెక్క అతని చేతిలో ఉండదు, మిగతా ముప్పై నలభై మందికి ఎంత ఇస్తున్నారో అతనికి తెలియవలసిన పని లేదు. పరిమితిని పాటించవలసిన బాధ్యత క్లబ్‌ది, శిక్ష కూడా క్లబ్‌కే పడింది. అందువల్ల ఆటగాడి వ్యక్తిగత జీవితం మీద, కుటుంబం మీద ఎవరైనా మాట తూలితే అది మన క్లబ్ వాళ్లయినా, అవతలి వాళ్లయినా అక్కడికక్కడే ఆపండి.

2020 జనవరిలో రెండో దెబ్బ పడింది. నడుస్తున్న సీజన్‌లోనూ ఖర్చు పరిమితిలోకి వచ్చిందని క్లబ్ చూపించలేకపోయింది. మరో 70 పాయింట్లు పోయి కోత మొత్తం 105కు చేరింది, దిగువ డివిజన్ ఖాయమైంది. అప్పటికే నైజెల్ రే అధ్యక్ష పదవి వదిలేశారు. బెన్ ఎర్ల్, మాక్స్ మాలిన్స్ అరువు మీద బ్రిస్టల్‌కు వెళ్లారు. వెళ్లినవాళ్లను ద్రోహులు అనకండి, ఉన్నవాళ్లను దేవుళ్లు అనకండి. ఎవరి బతుకు లెక్కలు వాళ్లవి.

దిగువ డివిజన్‌లో ఆటలు చూడండి. ఇది నేను ప్రాధేయపడి చెబుతున్న మాట. 2021 మార్చిలో సారసెన్స్ అక్కడ ఆడిన మొదటి ఆట పెన్‌జాన్స్‌లో, కార్నిష్ పైరేట్స్‌తో. 25-17తో మేమే ఓడాం. ఫాల్మత్‌కు దగ్గరి ఊరు కావడంతో బావగారు ఆ రాత్రి ఫోనులో పొంగిపోయారు. నేనూ ఆ పైరేట్స్ కుర్రాళ్ల కోసం మనస్ఫూర్తిగా సంతోషించాను. అంత చిన్న క్లబ్‌కు తన జీవితంలో గొప్ప రోజుల్లో ఒకటి మా శిక్ష వల్ల దక్కింది. ఆ సీజన్ చివర్లో ఈలింగ్‌ను దాటి సారసెన్స్ పైకి వచ్చింది, 2023లో సేల్‌ను 35-25తో ఓడించి మళ్లీ టైటిల్ గెలిచింది. ఆ టైటిల్‌ను నేను పూర్తి గొంతుతో చెప్పుకుంటాను.

పాత టైటిళ్ల లెక్క

ఇక్కడ ఇంగ్లండ్, ఆస్ట్రేలియా రెండు దారులు పట్టాయి. రెండూ తెలుసుకుని మీ అభిప్రాయం ఏర్పరచుకోండి.

ఆస్ట్రేలియా రగ్బీ లీగ్‌లో 2010 ఏప్రిల్ 22న మెల్‌బోర్న్ స్టార్మ్ సంగతి బయటపడింది. అక్కడ జరిగింది నిర్లక్ష్యం కాదు. లీగ్‌కు చూపించడానికి ఒక పత్రం, ఆటగాడికి అసలు ఇచ్చేదానికి ఇంకో పత్రం, ఏళ్ల తరబడి రెండు వరసల ఒప్పందాలు. 2007, 2009 టైటిళ్లు రెండూ లాగేసుకున్నారు. 2006 నుంచి 2008 దాకా లీగ్ దశలో అగ్రస్థానానికి ఇచ్చిన గౌరవాలూ పోయాయి. 5 లక్షల డాలర్ల జరిమానా, 11 లక్షల డాలర్ల బహుమతి సొమ్ము వాపసు. అన్నిటికంటే కఠినమైనది, 2010లో మిగిలిన ఆటలన్నీ ఆడాలి, ఎన్ని గెలిచినా ఒక్క పాయింటూ రాదు. పోయిన టైటిళ్లను ఓడినవాళ్లకు ఇవ్వలేదు. ఆ సంవత్సరాల ఎదురుగా విజేత గడి ఖాళీ.

ఆ పాయింట్లు లేని ఆటలకు కూడా మెల్‌బోర్న్ అభిమానులు మైదానానికి వచ్చారు. ఏ లాభమూ లేని చోట జట్టు పక్కన నిలబడడం నాకు గొప్పగా అనిపిస్తుంది. తప్పు కప్పిపుచ్చడానికి నిలబడితే మాత్రం అది వేరే సంగతి. 2012లో అదే క్లబ్ క్యాంటర్‌బరీ బుల్‌డాగ్స్‌ను 14-4తో ఓడించి నిఖార్సైన టైటిల్ గెలిచింది. ఆ క్యాంటర్‌బరీ కూడా 2002లో పట్టికలో పైన ఉండగా పరిమితి దాటినందుకు 37 పాయింట్లు పోగొట్టుకుని అట్టడుగుకు జారిన క్లబ్బే. 2009 ఫైనల్‌లో స్టార్మ్ చేతిలో ఓడిన పర్రమట్టాకు 2016లో ఇదే నేరానికి 12 పాయింట్లు పోయాయి. నిన్న నష్టపోయినవాళ్లు రేపు తప్పు చేయరని నమ్మకం లేదు. బావగారికి కూడా ఇది చెప్పాను, ఆయన ఒప్పుకున్నారు.

సారసెన్స్ టైటిళ్లు మాత్రం పోలేదు. అప్పటి నిబంధనల్లో ఆ అధికారం లేదు. పరిమితి నిబంధనల మీద లార్డ్ మైనర్స్ చేసిన సమీక్ష 2020 మేలో వచ్చాక టైటిల్ వెనక్కి తీసుకునే శిక్షను నిబంధనల్లో చేర్చారు. మా అక్క కొడుకు, స్కూల్లో చదువుతున్నవాడు, నన్ను అడిగాడు: "పిన్నీ, మరి ఆ కప్పులు తిరిగి ఇచ్చేశారా?" లేదన్నాను. "ఎందుకు?" అన్నాడు. అప్పటి నియమంలో లేదు కాబట్టి, జరిగిపోయినదానికి కొత్త నియమం తిరగేసి వర్తింపజేయకూడదు కాబట్టి అని చెప్పాను. పిల్లలు అడిగితే ఇలా ఉన్నదున్నట్టు చెప్పండి. వాళ్లు ఆడుకునేటప్పుడు నియమం ఏమిటో మనకంటే గట్టిగా పట్టుకుంటారు, మెలికలు పెట్టి చెబితే మన మీదే నమ్మకం పోతుంది.

నా సొంత అభిప్రాయం: 2018, 2019 ప్రీమియర్‌షిప్‌లు రికార్డు పుస్తకంలో ఉండనివ్వండి, నేను మాత్రం నా గెలుపుల చిట్టాలో వాటిని కలుపుకోను. మా టీవీ గదిలో గోడ మీద టైటిల్ సంవత్సరాలు రాసిన కాగితంలో ఆ రెండింటి పక్కన "పరిమితి దాటిన సీజన్" అని రాశాను. మీ ఇంట్లోనూ అలా చేయమని బలవంతం లేదు.

మీరు అవతలి పక్షం అభిమాని అయితే

కోపం మీ హక్కు. బావగారు నెల రోజుల పాటు మా ఇంట్లో సారసెన్స్ ఆట పెట్టనివ్వలేదు, నేను పెట్టలేదు. కోపాన్ని లెక్క తెలిసిన కోపంగా ఉంచండి. ఏ సీజన్‌లో ఎంత అన్నది మీరు కూడా సరిగ్గా చెప్పాలి, రెండు ఫైనల్స్‌ను మూడు చేయకండి. మీ క్లబ్ పెద్దలు తమ పుస్తకాలు ఎంత తెరిచి ఉంచుతున్నారో ఇదే ఊపులో అడగండి. అవతలి అభిమాని తప్పు ఒప్పుకుని వచ్చినప్పుడు మళ్లీ మళ్లీ ఒప్పించకండి, ఒకసారి చాలు.

క్లబ్‌కు ఉత్తరం రాయండి

తప్పు చేసిన క్లబ్ అభిమాని చేయవలసిన పనుల్లో ఇది అన్నిటికంటే విలువైనది, అందరూ వదిలేసేది. విశాఖపట్నంలో కూర్చుని రాస్తే ఎవరు చదువుతారని అనుకోకండి. చొక్కా కొన్నవాళ్లం, ప్రసారానికి చందా కట్టినవాళ్లం. ఉత్తరం చిన్నదిగా ఉండాలి, తిట్లు ఉండకూడదు, పొగడ్తలూ ఉండకూడదు. నేను రాసినదాని సారాంశం ఇది:

"నేను మీ ఆటలు దూరం నుంచి చూసే అభిమానిని. తీర్పు చదివాను. లీగ్‌కు ఏటా ఇచ్చే ఖర్చుల ప్రకటన మీద క్లబ్‌లో ఎవరు సంతకం చేస్తారు? యజమానికి లోబడని వ్యక్తి ఒకరైనా దాన్ని ముందుగా తనిఖీ చేస్తారా? ఇకపై యజమానికీ ఆటగాడికీ మధ్య ఎలాంటి ఉమ్మడి వ్యాపారం ఉన్నా, డబ్బు చేతులు మారక ముందే లీగ్ అనుమతి తీసుకుంటారా? ఈ మూడింటికీ అభిమానులందరికీ తెలిసేలా జవాబు ఇవ్వండి. జవాబు వచ్చేవరకు క్లబ్ దుకాణంలో ఏమీ కొనను."

చివరి వాక్యం రాస్తే దానికి కట్టుబడి ఉండండి. క్లబ్ శిక్షను అంగీకరించి, మనుషులను మార్చి, లెక్క చెప్పే పద్ధతి మార్చిందని మీకు తృప్తి కలిగినప్పుడు మళ్లీ కొనండి. పాత చొక్కా తొడుక్కోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. బీచ్ రోడ్డు మీద ఆ చొక్కాలో నడుస్తుంటే ఎవరైనా ఆపి అడిగితే, ఏ సీజన్లు, ఎంత మొత్తం, ఎవరు నష్టపోయారు అన్నవి నిలబడి చెప్పండి.

తర్వాతి ఆట ఎప్పుడో చూసుకోండి. ఇంగ్లండ్‌లో చలికాలం మధ్యాహ్నం మూడింటికి మొదలయ్యే ఆట మనకు రాత్రి ఎనిమిదిన్నరకు వస్తుంది. ఎదురుగా ఆడేది మన వల్ల నష్టపోయిన క్లబ్ అయితే, దాన్ని అభిమానించే మీ వాళ్లను ఆ రాత్రి భోజనానికి మీరే పిలవండి. రిమోటు వాళ్ల చేతికి ఇవ్వండి.